గర్భసంచి ముఖద్వారం పరీక్ష: ఒడిశా సరిహద్దులో తెలుగు ఆడవాళ్లు బల్ల దగ్గర ఎందుకు బిగుసుకుపోతున్నారు

క్లుప్తంగా: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పట్టుకునే పరీక్ష మహా అయితే ఐదు నిమిషాల పని. దానికి వెళ్లకుండా ఆపే భయం మాత్రం ఒకటి కాదు. నొప్పి, సిగ్గు, అర్థంకాని భాష, ఫలితం ఏమొస్తుందోనన్న దిగులు, గర్భసంచి తీసేస్తారేమోనన్న అనుమానం, అన్నీ కలిసి ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో కారణం, ఒక్కో విరుగుడు. "ధైర్యంగా ఉండమ్మా" అనే మాట వీటిలో దేనికీ మందు కాదు.

## ఇప్పుడెందుకు ఈ విషయం

2025 సెప్టెంబర్ 17 నుంచి అక్టోబర్ 2 దాకా 'స్వస్థ్ నారీ, సశక్త్ పరివార్' పేరుతో దేశమంతా ఆడవాళ్లకు ఆరోగ్య శిబిరాలు పెట్టారు. బీపీ, షుగర్, రక్తహీనతతో పాటు రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు కూడా అందులో ఉన్నాయి. బీపీకి చెయ్యి చాపడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. కర్టెన్ వెనక్కి వెళ్లి బల్ల మీద పడుకోమంటేనే వస్తుంది చిక్కంతా.

2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి మహిళకూ ఐదేళ్లకోసారి ఈ పరీక్ష జరగాలి. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 1.9 శాతం. వందలో ఇద్దరు కూడా కాదు. ఇంకోవైపు 2022 అంచనాల్లో మన దేశంలో ఈ క్యాన్సర్ కొత్త కేసులు సుమారు 1.27 లక్షలు, మరణాలు దాదాపు 80 వేలు. చాలా ముందుగా కనిపెట్టగలిగే జబ్బుకి ఇన్ని మరణాలు ఉండకూడదు. ఈ క్యాన్సర్‌కి మూలమైన హెచ్‌పీవీ అనే వైరస్ సోకి అది ముదిరి క్యాన్సర్‌గా మారడానికి మామూలు రోగనిరోధక శక్తి ఉన్నవాళ్లలో 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది, అంటే పట్టుకోడానికి కావలసినంత టైము ఉంది.

ఒడిశా సరిహద్దులో ఈ లెక్కకి ఇంకో పొర ఉంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం, ఇవన్నీ 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడకముందు మద్రాసు ప్రెసిడెన్సీలోని ప్రాంతాలు. రాష్ట్రం మారినా ఇళ్లలో తెలుగు ఉండిపోయింది, పెళ్లి సంబంధాలు అటూఇటూ నడుస్తూనే ఉన్నాయి. ఆసుపత్రి ఒక రాష్ట్రంలో, పుట్టిల్లు ఇంకో రాష్ట్రంలో, పెద్ద జబ్బు వస్తే శ్రీకాకుళమో విశాఖపట్నమో. ఈ పరీక్ష మీద వినిపించే భయాల్లో కొన్ని ఈ అటూఇటూ తిరుగుడు వల్ల వచ్చినవే, కింద వాటి సంగతీ ఉంది.

## బల్ల మీద అసలేం జరుగుతుంది

ఏం చేస్తారో తెలియకపోవడమే సగం టెన్షన్, కాబట్టి ముందు అది.

చీర కట్టుకుని వెళ్తే విప్పక్కర్లేదు. లోపలి బట్ట తీసేసి, చీర, లంగా నడుము దాకా లాక్కుని, మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుంటే చాలు, పైన దుప్పటి కప్పుతారు. (చుడీదార్ అయితే ప్యాంటు పూర్తిగా తీయాలి. ఆ రోజుకి చీరో నైటీయో నయం.) స్పెక్యులమ్ అనే పరికరాన్ని లోపలికి పెట్టి నెమ్మదిగా తెరుస్తారు. బాతు ముక్కులా రెండు రేకులుండేది ఒక రకం, రెండు చివర్లా వంపు తిరిగిన రేకులా ఉండేది ఇంకో రకం. అది లోపలి గోడల్ని పక్కకి జరిపి ముఖద్వారం కనపడేలా చేస్తుంది, అంతే. కోయడం, కుట్టడం, సూది ఏదీ ఉండదు.

తర్వాత జరిగేది పరీక్షని బట్టి మారుతుంది. ఆరోగ్య కేంద్రాల్లో ఎక్కువగా చేసేది వెనిగర్ పరీక్ష, దాన్ని వీఐఏ అంటారు. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లంలో ముంచిన దూదిని ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగుతారు. తేడా ఉన్న చోట తెల్లమచ్చ తేలుతుంది. కొందరికి కాస్త చురుక్కుమంటుంది. ఫలితం అక్కడికక్కడే చెప్పేస్తారు. పాప్ పరీక్షలో చిన్న బ్రష్‌తోనో చెక్క పుల్లతోనో కణాలు గీకి ల్యాబ్‌కి పంపుతారు. హెచ్‌పీవీ పరీక్షలోనూ బ్రష్షే, కానీ అక్కడ వెతికేది కణాల్లో తేడాని కాదు, వైరస్‌ని.

వీఐఏలో ఎదురుచూపులు ఉండవు, ఖర్చు తక్కువ. కానీ చూసేవాళ్ల కంటి మీద ఆధారపడుతుంది. నెలసరి ఆగిపోయాక ముఖద్వారంలో చూడాల్సిన భాగం లోపలికి వెళ్లిపోతుంది కాబట్టి 50 దాటినవాళ్లకి ఇది అంతగా పనికిరాదు, వాళ్లు పాప్ గానీ హెచ్‌పీవీ గానీ అడగడం మంచిది. హెచ్‌పీవీ పరీక్ష బలం ఎంతో చూపించింది మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లా. అక్కడ 1.3 లక్షల మందికి పైగా ఆడవాళ్లతో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష జరిగిన గుంపులో ఈ క్యాన్సర్ మరణాలు, మామూలు వైద్యం మాత్రమే అందిన గుంపుతో పోలిస్తే, సుమారు సగానికి తగ్గాయి.

## నొప్పి ఎక్కడ పుడుతుంది

విచిత్రమేంటంటే ముఖద్వారం బయటి భాగానికి తాకిడి నొప్పి తెలిసే నరాలు చాలా తక్కువ. బ్రష్ తగిలితే నెలసరి నొప్పిలా ఒక పీకు, అంతకన్నా ఎక్కువ చాలామందికి ఉండదు. గట్టిగా నొప్పి అనిపించేది దారిలో. కటి అడుగున ఒక కండరాల జోలె ఉంటుంది, మలమూత్రాలు ఆపుకునేటప్పుడు బిగించేది దాన్నే. భయం వేస్తే భుజాలు ఎలా బిగుసుకుంటాయో ఇదీ అలాగే బిగుసుకుంటుంది, మన ప్రమేయం లేకుండానే. బిగుసుకున్న కండరం మీద పరికరం తెరిస్తే నొప్పి, ఆ నొప్పికి ఇంకాస్త బిగుపు, దాంతో ఇంకాస్త నొప్పి. అక్కడ నిలబడి "వదులుగా ఉండమ్మా, బిగపట్టకు" అని గదిమితే ఈ చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది.

అక్కడే తరచూ వినిపించే మాట ఇంకొకటుంది: "ఇద్దరు పిల్లల్ని కన్నదానివి, దీనికే ఇలా అయిపోతే ఎలా?" వినడానికి లాజిక్‌లా ఉంటుంది గానీ కాదు. కాన్పు సమయానికి హార్మోన్ల వల్ల ఆ భాగమంతా మెత్తబడి సాగడానికి సిద్ధమై ఉంటుంది. అది జరిగిన పదిహేనేళ్లకి, మామూలు మంగళవారం పూట, చల్లటి ఇనుప రేకు పెడితే శరీరం దాన్ని కాన్పుతో పోల్చుకోదు. పైగా కాన్పులో పడ్డ కుట్లు సరిగా మానకపోతే అదే చోట నొప్పి ఎక్కువ ఉంటుంది. రెండూ సిజేరియన్ కాన్పులైనవాళ్లకి, పిల్లలు కలగనివాళ్లకి దారి ఇరుకుగా ఉండొచ్చు.

నెలసరి ఆగినవాళ్ల సంగతి వేరు. ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గడంతో లోపలి పొర పలచబడి పొడిబారుతుంది, అందుకే నలభైలో ఇబ్బంది లేని పరీక్ష యాభై ఎనిమిదిలో మంటెత్తిస్తుంది. ఇది ఓర్పుకి సంబంధించిన విషయం కాదు. డాక్టర్‌కి ముందే చెబితే, అవసరమనుకుంటే లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ కొన్ని వారాలు వాడించి ఆ తర్వాత పరీక్ష చేస్తారు.

గతంలో బలవంతానికి, హింసకి గురైనవాళ్లకి ఈ బల్ల ఇంకా కష్టం. కాళ్లు విడదీసి పడుకోవడమే పాత జ్ఞాపకాన్ని లేపుతుంది. కొందరు ఏడుస్తారు, కొందరు కొయ్యబారిపోయి ఒక్క మాట కూడా మాట్లాడరు. నోరు మెదపకుండా పడుకుందంటే ఓర్చుకుంటోందని అనుకోవడం సిబ్బంది తరచూ చేసే పొరపాటు.

## ఏం చేస్తే తగ్గుతుంది

కండరాన్ని నేరుగా ఆజ్ఞాపించలేం, చుట్టుతిరిగి వెళ్లాలి. పరికరం పెట్టేటప్పుడు నోటితో పొడుగ్గా ఊపిరి వదలడం, కాలి వేళ్లు కదపడం, నడుము పైకెత్తకుండా పిరుదుల బరువంతా బల్ల మీద వదిలేయడం పనిచేస్తాయి. నొప్పి వేస్తే నడుము పైకి లేపడం సహజం గానీ, లేపిన క్షణంలోనే బిగుపు పెరుగుతుంది. విరేచనానికి వెళ్లినప్పుడు ముక్కినట్టు చాలా కొద్దిగా కిందికి ఒత్తితే ఆ కండరం వదులవుతుంది, వినడానికి వింతగా ఉన్నా ఇది శరీరం తీరే. చిన్నగా దగ్గమని కూడా కొందరు నర్సులు చెబుతారు.

కొన్ని మాత్రం సిబ్బంది చేతిలో ఉన్నవి, అడిగితేనే జరిగేవి. స్పెక్యులమ్‌లో చిన్న సైజు ఉంటుంది. ఇనుపదైతే గోరువెచ్చటి నీళ్లలో ముంచి పెట్టొచ్చు. నీటి ఆధారిత జెల్ కొంచెం రాస్తే శాంపిల్ పాడవదు. వెల్లకిలా పడుకోలేనివాళ్లకి ఎడమ పక్కకి తిరిగి పడుకుని చేయించుకునే పద్ధతి కూడా ఉంది. గర్భసంచి వెనక్కి వాలి ఉండి ముఖద్వారం దొరక్కపోతే, రెండు పిడికిళ్లు పిరుదుల కింద పెట్టుకుంటే సులువవుతుంది, లేదంటే వెతుకులాటలో నొప్పి పెరుగుతుంది. "ఆపండి" అంటే ఆపాలి, ఇది దయతో ఇచ్చే సౌకర్యం కాదు. మొదలుపెట్టే ముందే "చెయ్యి పైకెత్తితే ఆపండి" అని ఒప్పందం చేసుకుంటే, ఆ చెయ్యి ఎత్తే అవసరమే చాలామందికి రాదు. ఆపగలమని తెలిస్తేనే సగం బిగుపు పోతుంది.

వెళ్లే ముందు: నెలసరి రోజుల్లో వద్దు, మొదటి రోజు నుంచి లెక్కేసి 10 నుంచి 20 రోజుల మధ్య అయితే మేలు. రెండు రోజుల ముందు నుంచి లోపల మందులు, కడుక్కోవడాలు, కలయిక మానుకోవాలి. మూత్రం పోసుకుని బల్ల ఎక్కాలి. ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు: రక్తపరీక్ష అనుకుని పరగడుపున రావడం చాలా ఊళ్లలో అలవాటు. ఈ పరీక్షకి ఆ అవసరం లేదు. ముఖద్వారం తాకినప్పుడు కొందరికి ఒక నరం ప్రేరేపించబడి బీపీ తగ్గి కళ్లు తిరుగుతాయి, ఖాళీ కడుపు దానికి తోడైతే పడిపోయే ప్రమాదం ఉంది. తినే వెళ్లాలి, లేచేటప్పుడు కాసేపు కూర్చుని లేవాలి. ఆ రోజంతా కొంచెం రక్తపు మరక కనిపించొచ్చు, ఒక ప్యాడ్ దగ్గరుంచుకుంటే చాలు. ఇంట్లో ఇంకెవరివో నిద్రమాత్రలు మింగి రావడం మాత్రం వద్దే వద్దు.

పక్కన ఎవరుండాలి అన్నది చిన్న విషయం కాదు. ఆశా కార్యకర్త తోడుంటే ధైర్యంగా అనిపించేవాళ్లున్నారు. అదే ఆశా మన వీధిలోనే ఉంటుంది, రేపు ఊరంతా తెలుస్తుందేమో అనుకునేవాళ్లూ ఉన్నారు. అత్తగారు లోపలికి వస్తానంటే కాదనలేక పరీక్షే మానేసినవాళ్లు కూడా ఉంటారు. ఎవరు లోపలికి రావాలో, ఎవరు బయటుండాలో తేల్చాల్సింది పరీక్ష చేయించుకునే మనిషే.

## జరాయువంటే ఏమిటి, గోడంటే ఏమిటి

సరిహద్దులో భాష పెట్టే చిక్కు బయటివాళ్లకి తెలియదు. ఒడియాలో గర్భాశయాన్ని జరాయు అంటారు, క్యాన్సర్‌ని కర్కట రోగం అంటారు. తెలుగులో జరాయువంటే మావి. పోస్టర్ మీద ఆ మాట చదివించుకున్న తెలుగావిడ, ఇది కాన్పుకి సంబంధించినదేమో, మనకెందుకులే అనుకుంటే తప్పు ఆమెది కాదు. ఒడియాలో 'గోడ' అంటే కాలు. బల్ల మీద పడుకున్నాక "గోడ" గురించి ఏదో చెబుతుంటే పక్కనున్న గోడ వైపు చూసే కొత్తకోడలి పరిస్థితి నవ్వొచ్చేదే, కానీ అప్పటికే వణుకుతున్న మనిషికి అది ఇంకో దెబ్బ.

పర్లాకిమిడిలో పుట్టి పెరిగినవాళ్లకి రెండు భాషలూ నోట్లో ఉంటాయి. ఇబ్బందంతా పాతపట్నం, పార్వతీపురం వైపు నుంచి పెళ్లై వచ్చినవాళ్లది. సూచన అర్థం కాకపోతే శరీరం ముందు చేసే పని బిగుసుకోవడం. మూడు నాలుగు ఒడియా మాటలు పట్టుకుంటే చాలా తేడా ఉంటుంది. "టికియే రుహంతు" అంటే కాస్త ఆగండి. "ఆస్తే" అంటే మెల్లగా. "కష్ట హేఉఛి" అంటే నొప్పిగా ఉంది. "బంద్ కరంతు" అంటే ఆపేయండి. నర్సు "నిశ్వాస ఛాడంతు" అంటే ఊపిరి వదలమని.

## గర్భసంచి తీసేస్తారన్న భయం ఊరికే పుట్టలేదు

ఈ ప్రాంతంలో ఈ పరీక్ష మీదున్న అన్నిటికన్నా బరువైన అనుమానం ఇదే: పరీక్షకి వెళ్తే ఏదో ఉందంటారు, ఆపరేషన్ అంటారు, సంచి తీసేస్తారు. దీన్ని అజ్ఞానం అని కొట్టిపారేస్తే విషయం అర్థం కాదు. 2019-21 సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 3.3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8 శాతం పైమాటే. తెల్లబట్టకీ, నడుంనొప్పికీ "ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అన్న మాటతో ముప్పైల్లోనే సంచి పోగొట్టుకున్న పిన్నో వదినో దాదాపు ప్రతి చుట్టరికంలో ఉంటుంది. క్యాన్సర్ అనే మాటని ఒకప్పుడు అలా వాడాక, ఇప్పుడు అదే మాటతో పరీక్షకి పిలిస్తే జనం వెనకడుగు వేయడంలో వింతేముంది? దీనికి తోడు క్యాంపు అనగానే గుర్తొచ్చేవి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపులు.

వాస్తవంలో ఈ పరీక్ష సరిగ్గా దానికి వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. వీఐఏలో తెల్లమచ్చ కనిపించినంత మాత్రాన క్యాన్సర్ కాదు, చాలావాటికి వాపో ఇన్ఫెక్షనో కారణం. క్యాన్సర్‌కి ముందు దశ మార్పు చిన్నదై, పూర్తిగా కనిపిస్తుంటే థర్మల్ అబ్లేషన్ చేస్తారు. అంటే సుమారు 100 డిగ్రీల వేడితో ఆ మచ్చని నిమిషంలోపు మాడ్చేయడం. గర్భసంచి ఉంటుంది, అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు. అనుమానం ఎక్కువుంటే కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపించే పరికరంతో చూడడం), చిన్న ముక్క తీసి పరీక్షించడానికి బరంపురం, కొరాపుట్ మెడికల్ కాలేజీల లాంటి పెద్దాసుపత్రికి వెళ్లాల్సి రావచ్చు. ముక్క పరీక్ష లేకుండా, ఒక్క తెల్లమచ్చ చూపించి సంచి తీసేద్దామని ఎవరన్నా అంటే రెండో డాక్టర్‌ని అడగాల్సిందే, ఆ డాక్టర్ ఏ రాష్ట్రంలో ఉన్నా సరే.

ఇప్పటికే సంచి తీయించుకున్నవాళ్లకి ఒక ప్రశ్న మిగులుతుంది: ముఖద్వారం కూడా తీశారా, ఉంచారా? క్యాన్సర్‌తో సంబంధం లేని కారణానికి పూర్తిగా తీసేసి ఉంటే సాధారణంగా ఈ పరీక్ష అక్కర్లేదు. ఉంచి ఉంటే కావాలి. డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది.

## హెచ్‌పీవీ అని తేలితే ఇంట్లో గొడవ

కొందరికి పరీక్ష కన్నా ఫలితమే భయం. హెచ్‌పీవీ కలయిక ద్వారా వచ్చే వైరస్ అని తెలియగానే ఎవరి వల్ల వచ్చింది అన్న ప్రశ్న లేస్తుంది, ఆ ప్రశ్న ఎప్పుడూ ఆడమనిషి మీదికే వెళ్తుంది. లెక్క అలా కుదరదు. దాంపత్య జీవితం మొదలైన వాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు సోకే వైరస్ ఇది. ఎక్కువసార్లు ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొన్నిసార్లు ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి తర్వాత కనిపిస్తుంది. కాబట్టి ఈ రిపోర్టు చూసి ఎప్పుడు సోకిందో, ఎవరి నుంచో చెప్పడం డాక్టర్‌కే సాధ్యం కాదు, ఇంట్లోవాళ్లకి ఎలా సాధ్యం? పాజిటివ్ అంటే ఇంకో పరీక్ష అవసరమని, అంతవరకే.

## బల్లే ఎక్కనక్కర్లేని దారి

హెచ్‌పీవీ పరీక్షకి ముఖద్వారం కళ్లతో చూడాల్సిన పనిలేదు, ఆడమనిషి తనంతట తాను సన్నటి బ్రష్‌ని లోపలికి పెట్టి కొన్నిసార్లు తిప్పి ట్యూబులో వేసి ఇవ్వొచ్చు. స్పెక్యులమ్ లేదు, పరాయి చెయ్యి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని సిఫారసు చేస్తోంది, ఆస్ట్రేలియాలో 2022 జులై నుంచి అర్హత ఉన్న ప్రతి మహిళా ఇలా ఎంచుకోవచ్చు. సిగ్గు, నొప్పి, భాష, మూడింటినీ ఒక్క దెబ్బకి తగ్గించే పద్ధతి ఇదొక్కటే, సరిహద్దు జిల్లాల్లో ముందుగా రావాల్సింది కూడా ఇదే. చిక్కేంటంటే ఖర్చు వీఐఏ కన్నా ఎక్కువ, ల్యాబ్ కావాలి, పాజిటివ్ వస్తే స్పెక్యులమ్ పరీక్ష తప్పదు. ఇప్పటికైతే దగ్గర్లోని ఆసుపత్రిలోనో ప్రైవేటు ల్యాబ్‌లోనో అడిగి చూడాల్సిందే.

చివరగా కాగితం సంగతి. ఒడిశాలో పరీక్ష చేయించుకుని, నెల తర్వాత పుట్టింటికి వెళ్లి, అక్కడి డాక్టర్‌కి ఏ పరీక్ష అయిందో చెప్పలేకపోతే మళ్లీ బల్ల ఎక్కాల్సి వస్తుంది. రిపోర్టు ఒడియాలో ఉంటే కనీసం పరీక్ష పేరు, తేదీ, ఫలితం ఇంగ్లీషులో రాయించుకుని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి, మళ్లీ ఏ ఏడాదిలో రావాలో కూడా ఆ కాగితం మీదే రాయించుకోవాలి.